120 లీటర్ల సాల్ట్‌వాటర్ ట్యాంకులో నాచు తినే బ్లెన్నీ: ముందు మేత చూసుకోండి

మీరడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడ పటమటలో ఇల్లు, రెండున్నర అడుగుల సాల్ట్‌వాటర్ ట్యాంకు, సుమారు 120 లీటర్లు. నీళ్ళు పట్టి పది వారాలైంది, రెండు క్లౌన్ చేపలున్నాయి. రాళ్ళ మీదా అద్దం మీదా పచ్చగా నాచు పడుతోంది. షాపులో "ఒక బ్లెన్నీని వేయండి, మొత్తం తినేస్తుంది" అన్నారు (బ్లెన్నీ అంటే రాళ్ళ మీద కూర్చునే చిన్న సముద్రపు చేప). వేయొచ్చా, వేస్తే ఏ రకం, మన ఎండలకు తట్టుకుంటుందా?

వేయొచ్చండీ. అయితే ఇంకో రెండు మూడు నెలలు ఆగి, చిన్న రకం ఒక్కటే వేయండి. ఎండాకాలంలో నీళ్ళు 28 డిగ్రీలు దాటకుండా చూసే ఏర్పాటు ఉంటేనే వేయండి. నాచు శుభ్రం చేయించుకోవడానికే అయితే మాత్రం అసలు కొనొద్దు. ఈ చేపలు ఎక్కువగా చచ్చేది రోగంతో కాదు, ఆకలితో. వచ్చిన నెలా రెండు నెలల్లో ఉన్న నాచంతా గీకేస్తుంది, యజమాని సంతోషపడతాడు, ఆ తర్వాత దాని పొట్ట లోపలికి పోవడం ఎవరూ గమనించరు. గేదెను తోలుకొచ్చే ముందు గడ్డివాము చూసుకుంటాం కదా, ఇక్కడా అంతే.

ఏ బ్లెన్నీ?

షాపుల్లో "ఆల్గే బ్లెన్నీ" అంటే చాలావరకు లాన్‌మోవర్ బ్లెన్నీ (సలారియాస్ ఫాసియాటస్) ఇస్తారు. గోధుమ రంగు మచ్చలతో, మొద్దు మొహంతో ఉంటుంది. 14 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దానికి 200 లీటర్లకు పైన, ఏడాదైనా గడిచిన ట్యాంకు ఉండాలి. మీ 120 లీటర్లలో దానికి సరిపడా నాచు ఎప్పటికీ పెరగదు.

మీకు సరిపోయేది టెయిల్‌స్పాట్ బ్లెన్నీ (ఎక్సీనియస్ స్టిగ్మట్యూరా). ఆరు సెంటీమీటర్లకు మించదు. తోక మొదట్లో నల్ల చుక్క, కళ్ళ చుట్టూ పసుపు ఉంటాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పగడపు దిబ్బల చేప. పైగా నాచుతో పాటు గుళికల మేత (పెల్లెట్లు), ఫ్రోజెన్ మేత అలవాటు చేసుకోవడంలో సలారియాస్ కంటే ఇదే నయం. బైకలర్ బ్లెన్నీ (ఎక్సీనియస్ బైకలర్) కూడా దొరుకుతుంది. అది పది పదకొండు సెంటీమీటర్లు పెరుగుతుంది, కాస్త పెత్తనం చేసే చేప. క్లౌన్ జంట ఉన్న మీ ట్యాంకులో దాన్ని రెండో ఎంపికగా పెట్టుకోండి.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. బ్లెన్నీ పేరుతో కోరల బ్లెన్నీలు కూడా అమ్ముతారు. మెయాకాంతస్ జాతికి విషపు కోరలుంటాయి, నాచు ముట్టవు. ప్లేజియోట్రెమస్ జాతి ఇంకా ప్రమాదం, మిగతా చేపల చర్మమూ పొలుసులూ కొరుక్కుతింటుంది. అందులో ఒక రకం పిల్లగా ఉన్నప్పుడు అచ్చం క్లీనర్ రాస్ (మిగతా చేపల ఒంటి మీది పురుగులను ఏరి తినేది) చేపలా కనిపిస్తుంది. తేడా పట్టడం కష్టమేం కాదు. నాచు తినేదానికి నుదురు గోడలా నిటారుగా ఉంటుంది, పెదాలు లావుగా, నోరు కిందికి ఉంటుంది, ఎక్కువసేపు రాయి మీద ముందు రెక్కలు ఆనించి కూర్చుంటుంది. సన్నగా, మూతి కోసుగా, నీళ్ళ మధ్యలో ఈదుతూ తిరిగేది మీక్కావలసింది కాదు.

ఏం తింటుంది, ఏం తినదు

ఈ కుటుంబాన్ని దువ్వెన పళ్ళ బ్లెన్నీలు అంటారు. పెదాల వెనక సన్నటి పళ్ళు దువ్వెనలా వరసగా ఉంటాయి. వాటితో రాయిని గీకుతుంది, కొరికి నమలడం ఉండదు. కాబట్టి దానికి చేతనైంది పలుచటి పచ్చ పొర, గోధుమ రంగు డయాటమ్ (కంటికి కనపడనంత చిన్న నాచు) పొర, ఒక సెంటీమీటరు లోపు మెత్తటి పీచు నాచు, వాటి మధ్య చిక్కుకున్న మెత్తటి మడ్డి. అద్దం మీద పెసరగింజంత గుండ్రటి ముద్దు గుర్తులు కనిపిస్తే తింటోందన్నమాట.

వేలెడు పొడుగు పెరిగిన పీచు నాచు, ఎర్రటి జిగురు పొర (అది నాచు కాదు, సయనోబాక్టీరియా), బుడగ నాచు, ఈకల్లా ఉండే బ్రయాప్సిస్, వీటి జోలికి ఇది రాదు. పొడుగు నాచును మీరే చేత్తో పీకి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సైఫన్ పైపుతో లాగేయాలి. తర్వాత మొలిచే చిగురును బ్లెన్నీ చూసుకుంటుంది.

ఇంకో మాట: చేప తిన్నంత మాత్రాన నాచుకు ఆధారమైన నైట్రేటు, ఫాస్ఫేటు ట్యాంకు దాటిపోవు. బ్లెన్నీ పొద్దస్తమానం గీకుతుంది, పొద్దస్తమానం ఇసకలాంటి దారాలు విసర్జిస్తుంది. అవి కరిగి మళ్ళీ నాచుకే ఎరువు. మీ నాచుకు మూలం నీళ్ళలో ఉంది, అది వేరే పని. నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంచండి, లైటు రోజుకు ఎనిమిది గంటలకు మించనీయకండి. ఫాస్ఫేటును సున్నా చేయాలని మాత్రం పట్టుబట్టకండి. మంచి నాచు కూడా పోయి, ఆ ఖాళీలో మొండి రకాలు దిగుతాయి.

నీళ్ళూ ఉప్పూ

బోరు నీళ్ళూ వద్దు, మున్సిపాలిటీ కృష్ణ నీళ్ళు నేరుగా కూడా వద్దు. ఇంట్లో తాగే ఆర్‌ఓ మెషిన్ నీళ్ళు సరిపోతాయని చాలామంది అనుకుంటారు. కానీ వాటిలో రుచి కోసం కాస్త అసలు నీళ్ళు కలిపే వాల్వు ఉంటుంది, అందుకే టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క) మీటరు 50, 80 చూపిస్తుంది. ఆ కొద్దిలోనే నైట్రేటూ సిలికేటూ దిగుతాయి. ఆ వాల్వు మూయించి, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి పెట్టించుకుని, టీడీఎస్ 0 వచ్చిన నీళ్ళే వాడండి.

సూర్యలంక దగ్గరే కదా, క్యాన్లతో సముద్రం నీళ్ళు తెచ్చుకుందామన్న ఆలోచన గుంటూరు, బాపట్ల వాళ్ళకు సహజంగానే వస్తుంది. ఒడ్డు నీళ్ళలో మట్టీ, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీళ్ళూ ఉంటాయి. వానాకాలం తర్వాత నదుల వరద కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ప్రతిసారీ వేరే నీళ్ళు వచ్చినట్టే. చినగంజాం కల్లుప్పు కూడా కుదరదు. ఉప్పు మడిలో గడ్డకట్టేది చాలావరకు సోడియం క్లోరైడే, మెగ్నీషియం లాంటివి అడుగున మిగిలిన చేదు నీళ్ళతో పోతాయి. అక్వేరియం కోసం చేసిన రీఫ్ సాల్టే కొనండి. కంపెనీని బట్టి లీటరుకు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. వారానికి పన్నెండు లీటర్లు మార్చాలంటే అటూ ఇటూగా 430 గ్రాములు.

ఉప్పదనం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు (సాపేక్ష సాంద్రత లెక్కలో 1.026). ఉప్పదనం కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ మీకూ పనికొస్తుంది, ఆక్వా షాపుల్లో దొరుకుతుంది. కాకపోతే దాన్ని మంచినీళ్ళతో సున్నా దగ్గర సరిచేసి వదిలేయకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూడండి. రెండు పీపీటీ తేడా చూపించేవి చాలా ఉంటాయి.

రాళ్ళ విషయం. పగడాల ముక్కలున్న "లైవ్ రాక్" ఎవరైనా సముద్రం నుంచి తెచ్చామంటే తీసుకోవద్దు. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో చేర్చారు. అవి అమ్మినా, దగ్గరుంచుకున్నా నేరమే. పొడి రాక్ ఎనిమిది నుంచి పది కిలోలు మీకు చాలు. చిటికెన వేలు దూరేంత బొక్కలున్నవి ఏరుకోండి. టెయిల్‌స్పాట్ తోక ముందు పెట్టి వెనక్కి దూరి, తల మాత్రం బయటికి పెట్టి చూస్తుంటుంది. అలాంటి బొక్క దొరక్కపోతే అదురుతూనే ఉంటుంది, తిండి ముట్టదు. లేకపోతే అర అంగుళం పీవీసీ పైపు ఏడెనిమిది సెంటీమీటర్లు కోసి, ఒక కొస మూసి, రాళ్ళ మధ్య దాచండి. దానికి అదే ఇల్లు.

ఎందుకు ఆగమన్నాను

పది వారాల ట్యాంకులో కనిపించే పచ్చదనం మొదటి పొంగు. అమ్మోనియా, నైట్రైటు సున్నా అయినా రాళ్ళ మీద నిలకడైన పొర పట్టడానికి అయిదారు నెలలు పడుతుంది. ఇప్పుడు వేస్తే మూడు వారాల్లో గీకేసి కూర్చుంటుంది. అంతవరకు ముందు అద్దం ఒక్కటే తుడవండి, వెనక అద్దం, పక్క అద్దాలు వదిలేయండి. అదే దాని పొలం. నత్తలు ఎక్కువ వేయకండి, అవీ ఆ మేతకే పోటీ. ట్రోకస్ నత్తలు మూడు చాలు.

ఈలోగా మేడ మీద నాచు రాళ్ళు పెంచడం మొదలుపెట్టండి. మన ఎండ ఇంత పనికొచ్చే చోటు ఇంకోటి లేదు. ముప్పై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, వారం వారం ట్యాంకు నుంచి తీసే పాత నీళ్ళు, చిన్న ఎయిర్ స్టోన్, పిడికెడంత పొడి రాక్ ముక్కలు ఎనిమిది. మార్చి నుంచి జూన్ దాకా పైన సగం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టకపోతే నీళ్ళు కాగిపోయి నాచు చస్తుంది. వానలప్పుడు మూత ఉండాలి, లేకపోతే ఒక్క రాత్రిలో ఉప్పదనం సగమవుతుంది. టబ్బుకు బయట మార్కర్‌తో నీటి మట్టం గీత గీసి, రోజూ సాయంత్రం ఆ గీత దాకా టీడీఎస్ 0 నీళ్ళు పోయండి. దోమలు గుడ్లు పెట్టకుండా సన్న వల కప్పండి. మొదటి వారం రాయి మీద గోధుమ పొర వస్తుంది, పది పదిహేను రోజులకు వేలితో రుద్దితే పచ్చగా అంటుకునే పొర వస్తుంది. అప్పుడు సిద్ధం. నాలుగైదు రోజులకోసారి రెండు రాళ్ళు ట్యాంకులోకి, గీకేసిన రెండు మళ్ళీ టబ్బులోకి. రాళ్ళ మీద పొర వెంట్రుకల్లా పొడుగవకముందే వాడేయండి, ముదిరితే బ్లెన్నీ ముట్టదు.

షాపులో

చేపను పక్కనుంచి కాదు, ఎదురుగా, పైనుంచి చూడండి. తల వెనక పొట్ట లోపలికి గుంట పడి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. ఆ దశ దాటినవి మళ్ళీ కోలుకోవడం అరుదు. రెండు కళ్ళూ వేటికవి తిరుగుతుండాలి, రాయి మీద కూర్చుని పొడుస్తుండాలి. ఇసక మీద పడి గబగబా ఊపిరి తీస్తుంటే వద్దు. షాపుకు వచ్చి వారమైనా కాని చేపను కొనకండి. మీ ముందు మేత వేయించి, తినడం చూశాకే డబ్బులివ్వండి.

ఆ ట్యాంకు ఉప్పదనం అడిగి తెలుసుకోండి. షాపుల్లో తరచూ 1.018, 1.020 దగ్గర పెడతారు. మీ క్వారంటైన్ (కొత్త చేపను కొన్నాళ్ళు విడిగా ఉంచే టబ్బు) నీళ్ళు ముందే ఆ అంకెకు కలిపి ఉంచితే, కవరు పదిహేను నిమిషాలు తేలనిచ్చి చేపను నేరుగా మార్చేయొచ్చు. చెన్నై నుంచో ముంబై నుంచో పార్సిల్‌గా వచ్చిన చేపకు ఇది మరీ ముఖ్యం. దారిలో కవరు నీళ్ళలో అమ్మోనియా పోగై ఉంటుంది, పీహెచ్ పడిపోయి ఉంటుంది కాబట్టి అది పెద్దగా హాని చేయదు. కవరు విప్పగానే పీహెచ్ లేస్తుంది, ఆ అమ్మోనియా విషమవుతుంది. అందుకే ఆ నీళ్ళలోనే గంటసేపు చుక్క చుక్క వదులుతూ కూర్చోకండి. తర్వాత రోజుకు 0.001 చొప్పున పెంచుకుంటూ 1.026కు తీసుకెళ్ళండి.

క్వారంటైన్‌కు నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు తీసుకోండి. తెల్ల చుక్కల రోగం (క్రిప్టోకేరియాన్) నుంచి తప్పించడానికి ఈ చేపకు మంచిది టబ్బు మార్చే పద్ధతి: 72 గంటలకోసారి, మొత్తం నాలుగుసార్లు, కొత్త నీళ్ళున్న టబ్బులోకి మార్చి, పాత టబ్బునూ అందులోని సామానునూ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చేపను వదిలిన రోగపు పురుగు అడుగున గూడు కట్టుకుని, మళ్ళీ పిల్లలను వదిలేలోపే చేప అక్కణ్ణుంచి వెళ్ళిపోతుంది. ఈ పన్నెండు రోజులకు వాడే నాచు రాళ్ళను కొత్తగా కలిపిన ఉప్పు నీళ్ళలో, చిటికెడు చేప మేత వేసి, విడిగా పెంచుకోండి. ట్యాంకు పాత నీళ్ళలో పెరిగిన రాయితో మీ ట్యాంకులోని రోగమే టబ్బులోకి రావచ్చు. ఈ రోగానికి వాడే రాగి మందు మెయిన్ ట్యాంకులో ఎప్పుడూ వేయకండి, నత్తలన్నీ పోతాయి, రాళ్ళు రాగిని పీల్చి ఉంచుకుంటాయి.

మేత

నాచు రాళ్ళకు తోడు రోజూ ఏదో ఒకటి పడాలి. నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, ఉప్పూ నూనే మసాలా లేనిది) అగ్గిపెట్టె సైజు ముక్క, గరుకు రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టి అడుగున పెట్టండి. పైన క్లిప్పుకు వేలాడదీస్తే క్లౌన్‌లు లాగేస్తాయి, బ్లెన్నీ పైకి రాదు. నాలుగైదు గంటల తర్వాత మిగిలింది తీసేయండి. పాలకూర, తోటకూర పెట్టకండి, అవి దాని మేత కాదు.

నోరి ముట్టని మొండి చేపకు ఇది బాగా పనిచేస్తుంది. వంద మిల్లీలీటర్ల ఆర్‌ఓ నీళ్ళలో రెండు గ్రాముల చైనా గ్రాస్ వేసి పూర్తిగా కరిగేదాకా మరిగించండి. దించి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక పది గ్రాముల స్పిరులినా పొడి, మిక్సీ పట్టిన నోరి ఆకు ఒకటి వేసి గబగబా కలపండి. చల్లారిపోతే గట్టిపడుతుంది. గరుకు రాళ్ళ మీద పలుచగా పూసి ఫ్రిజ్‌లో పెట్టండి. ట్యాంకులో వేస్తే రాయి మీద నాచులాగే ఉంటుంది, దానికి తెలిసిన పద్ధతిలో గీక్కుతింటుంది. పొర మందంగా పూస్తే ముక్కలు ఊడి నీళ్ళు పాడవుతాయి. వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) కొద్దిగా, సిరంజికి సన్న గొట్టం తగిలించి దాని బొక్క ముందే వదలండి.

తిండి సరిపోతోందా లేదా పొట్టే చెబుతుంది. ఆదివారం పొద్దున ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ఫోటో తీసి, పోయిన వారం ఫోటో పక్కన పెట్టి చూడండి. రోజూ చూసే కంటికి ఆ తేడా దొరకదు. రాత్రిపూట రంగు వెలిసి మచ్చలు పడితే కంగారొద్దు, అది మామూలే.

ఎండాకాలం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ట్యాంకు ఎంత. నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీలు. పైన గాలి తగిలేలా చిన్న ఫ్యాన్లు పెడితే పొడి ఏప్రిల్ గాలిలో మూడు డిగ్రీలు తగ్గొచ్చు, జులై తర్వాత ఉక్కపోతలో ఒకటి తగ్గితే గొప్ప. గది 38 ఉన్నప్పుడు ఫ్యాన్లతో పని కాదు. గదిలో ఏసీ రోజంతా లేకపోతే పదో వంతు హార్స్‌పవర్ చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషిన్) పెట్టాల్సిందే. అది వదిలే వేడి బయటికి పోయేలా కిటికీ దగ్గర పెట్టండి, లేకపోతే గదినే వేడెక్కిస్తుంది.

ఫ్యాన్లు నడిస్తే రోజుకు మూడు లీటర్ల దాకా ఆవిరవుతుంది. రాళ్ళు పోను మీ నీళ్ళు వంద లీటర్లు అనుకుంటే ఒక్కరోజుకే 35 కాస్తా 36 అవుతుంది, రెండు రోజులు మరిస్తే 37. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైనంత నీళ్ళు తనంతట తనే నింపే పరికరం) పెట్టుకోండి. ఆవిరైన చోట పోయాల్సింది ఉప్పు నీళ్ళు కాదు, టీడీఎస్ 0 మంచినీళ్ళు.

కరెంటు పోతే ముందు ప్రాణవాయువు. వేడి ఉప్పు నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ పడుతుంది. పది వాట్ల వేవ్‌మేకర్‌నూ (నీళ్ళను కదిలించే పంపు) ఎయిర్ పంపునూ ఇంటి ఇన్వర్టర్ మీదికి మార్చండి, చిల్లర్ దాని మీద వద్దు. లీటరు బాటిల్‌లో గడ్డకట్టించిన మంచు, బాటిల్‌తో సహా తేలేస్తే, వంద లీటర్లను దాదాపు ఒక డిగ్రీ తగ్గిస్తుంది. ఫ్రీజర్‌లో నాలుగు ఉంచుకోండి, గంటకొకటికి మించి వేయకండి.

గూడూ తోడూ

బ్లెన్నీ దూకుతుంది. పైన ఆరు మిల్లీమీటర్ల కన్ను ఉన్న నైలాన్ వల బిగించండి. కిటికీలకు వాడే లోహపు దోమల జాలీ ఉప్పుకు తుప్పుపట్టి నీళ్ళలో రాలుతుంది. పైపు, వైరు దిగే సందు కూడా వదలొద్దు.

రెండో బ్లెన్నీ వద్దు, రాళ్ళ మీద కూర్చునే హాక్‌ఫిష్ కూడా వద్దు. క్లౌన్ జంటతో సర్దుకుపోతుంది, ఒక చిన్న గోబీ చేపకీ చోటుంది. డ్యామ్సెల్, డాటీబ్యాక్ చేపలుంటే బొక్కలోంచి బయటికే రానివ్వవు, అదీ ఆకలి చావే. ముందుముందు పగడాలు పెట్టుకుంటే (చట్టం నిషేధించని రకం, పెంచి కోసిన ముక్కలని కాగితాలున్నవే), ఆకలి మీదున్న బ్లెన్నీ వాటిని గిల్లుతుందని గుర్తుంచుకోండి. అలా గిల్లడం మొదలుపెట్టిందంటే ముందు మేత పెంచండి, చేపను తీసేసే మాట తర్వాత.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్తుంటే బాగా పచ్చపడ్డ నాచు రాళ్ళు నాలుగు వేసి వెళ్ళండి, అది బ్లెన్నీకి చాలు. పక్కింటివాళ్ళకు మేత డబ్బా అప్పజెప్పకండి, జాలితో గుప్పెడు పోసేస్తారు. క్లౌన్‌లకు రోజుకు వేయాల్సిన చిటికెడును నాలుగు పొట్లాలు కట్టి, తేదీ రాసి ఇవ్వండి. టాప్ ఆఫ్ డబ్బా నింపి, జనవరి రాత్రుల చలికి హీటరు 25 దగ్గర ఉందో లేదో తాళం వేసేముందు ఒకసారి చూసుకోండి.